మందులు లేకుండా డిప్రెషన్‌కి చికిత్స: న్యూరోఫీడ్‌బ్యాక్, టాక్ థెరపీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డిప్రెషన్ అని డాక్టర్ చెప్పగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘మందులు లేకుండా తగ్గదా?’ అని. ఈ మధ్య దానికి ఇంకోటి తోడైంది: ‘మెదడు స్కాన్‌ని తెర మీద చూసుకుంటూ మనసును మనమే బాగుచేసుకోవచ్చట, నిజమేనా?’ ఈ రెండింటి చుట్టూ తిరిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. నా అభిప్రాయం దాచుకోను. స్కానర్ పద్ధతి ఆసక్తికరమైన పరిశోధన. మాటలతో చేసే చికిత్స, అంటే టాక్ థెరపీ, ఈరోజు అందుబాటులో ఉన్న వైద్యం. రెండింటినీ ఒకే తూకంలో పెట్టలేం.

ఇవన్నీ తర్వాత. ఇప్పుడు నాకు బతకాలని లేదు. ఏం చేయాలి?

చదవడం ఆపి 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే ‘నన్ను ఒంటరిగా వదలొద్దు’ అని చెప్పండి. చేతికి అందేలా పురుగుమందు, నిద్రమాత్రలు ఉంటే ఇంకొకరికి ఇచ్చేయండి. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే 108కి చేయండి.

మందులు లేకుండా డిప్రెషన్ నిజంగా తగ్గుతుందా?

చాలామందికి తగ్గుతుంది. తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కి మొదటే మాత్రలు మొదలుపెట్టడం మామూలు పద్ధతి కాకూడదని, ముందు మాటల చికిత్సలు చూడాలని బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోగే మాత్రలు కావాలంటే అది వేరే సంగతి.

మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ఉన్నవాళ్ల మాటేమిటి? అమెరికాలో పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 240 మంది మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. పదహారు వారాల తర్వాత కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల తీరును పరిశీలించి సరిదిద్దే మాటల చికిత్స) తీసుకున్నవాళ్లలో 58 శాతం, మందు తీసుకున్నవాళ్లలో కూడా 58 శాతం మంది మెరుగుపడ్డారు. అయితే ఒక మెలిక ఉంది. రెండు చోట్లా ఫలితం ఒకేలా లేదు. వాండర్‌బిల్ట్‌లో మందుదే పైచేయి అయింది. థెరపిస్టుల అనుభవంలో ఉన్న తేడా అందుకు కారణం కావచ్చని పరిశోధకులే రాశారు. మాత్ర ఎవరి చేతి నుంచి తీసుకున్నా అదే మాత్ర. థెరపీ అలా కాదు, చేసే మనిషిని బట్టి మారుతుంది.

తిండి మానేసి మంచం పట్టినవాళ్లకి, లేని గొంతులు వినిపిస్తున్నవాళ్లకి, ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్నవాళ్లకి మందులు వద్దని పట్టుబట్టడం ప్రమాదం. ‘మందులు లేకుండా’ అన్నంత మాత్రాన అది మేలైన వైద్యం అయిపోదు. కొందరికి రెండూ కలిపితేనే పట్టు దొరుకుతుంది.

నాది డిప్రెషనో, మామూలు బాధో ఎలా తెలుస్తుంది?

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, నీరసం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడుగుతుంది. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఎవరికైనా చూపించుకోవాలి, 20 గానీ అంతకు మించి గానీ వస్తే ఆలస్యం చేయకూడదు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ‘అవును’ అని వస్తే మొత్తం మార్కులు ఎంతైనా సరే, వెళ్లాల్సిందే.

ఈ పట్టిక అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా ఇలాంటి నీరసం, దిగులే కనిపిస్తాయి. రక్తపరీక్ష చేయించకుండా నెలల తరబడి కౌన్సెలింగ్‌కి తిరగడం దండగ. ఇంకో మాట. మన దగ్గర చాలామందికి డిప్రెషన్ ముందు ఒంట్లోనే బయటపడుతుంది. ఒళ్లు నొప్పులు, తల బరువు, గుండె దడ, అరగకపోవడం. ఎండోస్కోపీ, ఈసీజీ అన్నీ నార్మల్ అని వచ్చాక గానీ మనసు మీదికి దృష్టి పోదు.

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటి?

మీ మెదడులో ఒక భాగం ఎంత చురుగ్గా ఉందో అప్పటికప్పుడు మీకే చూపించి, దాన్ని పెంచడమో తగ్గించడమో మీచేతే సాధన చేయించడం. ఇందులో రెండు రకాలు. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి విద్యుత్ తరంగాలు కొలిచేది ఈఈజీ న్యూరోఫీడ్‌బ్యాక్, ఇది పాతది. ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ మార్పుల ద్వారా మెదడు చురుకుదనాన్ని అంచనా వేసేది ఎఫ్‌ఎంఆర్‌ఐ న్యూరోఫీడ్‌బ్యాక్. ఆ ఆక్సిజన్ సంకేతాన్ని 1990లో సెయిజి ఒగావా బృందం గుర్తించింది. పై పొర కింద ఏం జరుగుతోందో ఈఈజీకి సరిగా అందదు. ఎంఆర్‌ఐకి లోతైన భాగాలూ కనిపిస్తాయి. డిప్రెషన్ పరిశోధకులు స్కానర్ వైపు వెళ్లింది అందుకే.

స్కానర్ లోపల అసలేం చేయిస్తారు?

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని లారియేట్ మెదడు పరిశోధన సంస్థలో చేసిన తీరు చెబుతాను. ముందుగా మీ జీవితంలో సంతోషంగా గడిచిన సందర్భాలు కొన్ని గుర్తుచేసుకుని రమ్మంటారు. తర్వాత గొట్టంలాంటి యంత్రంలో వెల్లకిలా పడుకోవాలి. తల కదలకూడదు. చెవులకు రక్షణ పెడతారు, ఎందుకంటే దబదబమని చప్పుడు. కళ్ల ముందు తెర. నలభై సెకన్లు ఊరికే విశ్రాంతి. నలభై సెకన్లు మంచి జ్ఞాపకంలోకి వెళ్లాలి. మరో నలభై సెకన్లు అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి. జ్ఞాపకం వంతు వచ్చినప్పుడు తెర మీద ఎర్ర పట్టీ ఒకటి లేస్తూ పడుతూ ఉంటుంది. పక్కనే నీలం పట్టీ లక్ష్యం. ఎర్రదాన్ని నీలందాకా లేపాలి.

ఇక్కడ చిక్కేమిటంటే, మీరు ఆలోచించిన క్షణంలోనే పట్టీ లేవదు. రక్తప్రవాహం స్పందించడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. కొత్తవాళ్లు ఆ కాస్త ఆలస్యానికే ‘పనిచేయట్లేదు’ అనుకుని జ్ఞాపకం మార్చేస్తారు, అప్పుడు అసలుకే గందరగోళం. అక్క పెళ్లిలో పందిరి కింద నవ్వుకున్న రోజును పట్టుకున్నారనుకోండి, పట్టీ లేవకపోయినా కాసేపు అక్కడే ఉండాలి. ఎవరున్నారు, ఏం వాసన వస్తోంది, ఏం తిన్నారు, అలా లోపలికి వెళ్లాలి.

వాళ్లు చూసే ఆ భాగం ఏది?

టల్సాలో చూసింది అమిగ్డలా. కణతల లోపలి వైపు, మెదడులో లోతుగా, రెండు వైపులా ఉండే చిన్న భాగం. భయానికి సంబంధించిందని చాలామంది చదివే ఉంటారు, కానీ ఆనందాన్ని పట్టించుకోవడంలోనూ దానికి పని ఉంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో మంచి జ్ఞాపకాలకు అది మందకొడిగా స్పందిస్తుంది. ఆ స్పందనను పెంచడం నేర్పితే మనసు కూడా లేస్తుందా అన్నదే ప్రశ్న.

మరి లేచిందా? ఆధారాలు ఎంత గట్టివి?

టల్సాలో కింబర్లీ యంగ్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో 36 మంది ఉన్నారు, ఎవరూ మందులు వాడటం లేదు. 19 మందికి అమిగ్డలా సంకేతాన్ని చూపించారు. 17 మందికి అంకెలకు సంబంధించిన వేరే భాగం సంకేతాన్ని చూపించారు. ఎవరికి ఏది అన్నది రోగులకూ తెలియదు, లక్షణాలు కొలిచినవాళ్లకూ తెలియదు. రెండే రెండు సెషన్లు. మొదటి గుంపులో 12 మందికి లక్షణాలు సగానికి పైగా తగ్గాయి, రెండో గుంపులో ఇద్దరికే. పూర్తిగా కోలుకున్నవాళ్లు మొదటి గుంపులో ఆరుగురు, రెండో గుంపులో ఒకరు. చిన్న ప్రయోగమే అయినా ఈ తేడా కొట్టిపారేయదగింది కాదు.

ఇప్పుడు రెండోవైపు. బ్రిటన్‌లోని వేల్స్‌లో డేవిడ్ లిండెన్ బృందం 2012లోనే ఎనిమిది మంది రోగులతో మంచి ఫలితం చూపింది. ఆ ధైర్యంతో కార్డిఫ్‌లో పెద్ద ప్రయోగం చేశారు, 2018లో వచ్చింది. ఒక గుంపు భావోద్వేగాలకు సంబంధించిన భాగాలను పెంచడం సాధన చేసింది. ఇంకో గుంపుది డిప్రెషన్‌తో సంబంధం లేదనుకున్న భాగం, ఇళ్లు, వీధులు, కొండలు లాంటి దృశ్యాలను గుర్తించేది. రెండు గుంపులకూ లక్షణాలు సగటున 43 శాతం తగ్గాయి. గుంపుల మధ్య తేడా లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ రెండో ఫలితమే. ఏ భాగాన్ని లేపారన్నది ముఖ్యం కాకపోతే, పనిచేసింది ఏమిటి? ‘నా మెదడును నేను కదిలించగలిగాను’ అన్న నమ్మకమా? మంచి విషయాలను పదేపదే ఊహించుకోవడమా? పరిశోధకులు వారం వారం పలకరించడమా? దేనివల్లో తేలనంతవరకు దీన్ని చికిత్సగా అమ్మడం తొందరపాటు. ‘నేను చేయగలిగాను’ అన్న అనుభవమే మందు అయితే, దాన్ని స్కానర్ లేకుండా ఇచ్చే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాని సంగతి కింద వస్తుంది.

ఈ స్కానర్ చికిత్స హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో దొరుకుతుందా?

డిప్రెషన్‌కి ఇది ఎక్కడా మామూలు ఆసుపత్రి చికిత్సగా రాలేదు, అమెరికాలో కూడా. పరిశోధనలో చేరితేనే. ఖర్చు చూసినా ఇది పెద్దాసుపత్రుల దాకా వచ్చే వ్యవహారం కాదు. స్కానర్ సమయం, అప్పటికప్పుడు డేటాను విశ్లేషించే మనుషులు, ఇవి అంత సులువుగా దొరకవు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, ఒంట్లో కొన్ని రకాల లోహం ఉన్నవాళ్లకి, ఇరుకు చోటంటే భయపడేవాళ్లకి మామూలుగా కుదరదు.

‘న్యూరోఫీడ్‌బ్యాక్’ అని బోర్డు పెట్టిన సెంటర్లలో ఉండేది దాదాపు ఎప్పుడూ ఈఈజీ రకం. డిప్రెషన్‌లో దాని ఆధారాలు బలహీనం. ఇరవై, ముప్పై సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే ఆగండి. ఏ జబ్బుకి చేస్తున్నారు, మెరుగుదలను దేనితో కొలుస్తారు, ఐదారు సెషన్లకి తేడా లేకపోతే ఏం చేస్తారు అని అడగండి. జవాబు తడబడితే లేచి రండి.

ప్రిజమ్ అనే ఈఈజీ పరికరానికి, మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చిన మాట నిజం. అమిగ్డలాకి సంబంధించిన సంకేతాన్ని అది ఈఈజీ ద్వారా అంచనా వేస్తుంది. కానీ ఆ అనుమతి పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య), అదీ వేరే చికిత్సకు తోడుగా. డిప్రెషన్‌కి కాదు.

తలకి అయస్కాంతం పెట్టేది ఇదేనా?

కాదు, అది టీఎంఎస్. బయటినుంచి అయస్కాంత తరంగాలు పంపి మెదడును ప్రేరేపిస్తారు, మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. డిప్రెషన్‌కి ఎఫ్‌డీఏ 2008లోనే దాన్ని అనుమతించింది, మన నగరాల్లోనూ చేస్తున్నారు. మందులకు లొంగని డిప్రెషన్‌కి సైకియాట్రిస్టు సూచిస్తే ఆలోచించదగిందే.

అయితే స్కాన్ తీస్తే డిప్రెషన్ ఉందో లేదో తేలిపోతుందా?

తేలదు. ఎంఆర్‌ఐ రాస్తే అది కణితి లాంటివి లేవని చూసుకోవడానికే. రంగురంగుల మెదడు బొమ్మ చూపించి ‘ఇదిగో మీ డిప్రెషన్’ అన్నవాళ్లని నమ్మకండి. 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించాడు. లెక్కల్లో చేయాల్సిన దిద్దుబాట్లు చేయకపోతే చేప మెదడులోనూ ‘చురుకుదనం’ కనిపించింది. చచ్చిన చేప ఆలోచిస్తోందని కాదు, లెక్క జాగ్రత్తగా చేయకపోతే బొమ్మ ఏమైనా చెబుతుందని.

టాక్ థెరపీ అంటే ధైర్యం చెప్పడమేగా? అది మా మావయ్య కూడా చెబుతాడు.

మావయ్య చెప్పేది సలహా. ‘నీకేం తక్కువ? అందరికీ కష్టాలుంటాయి, గుడికెళ్లు, మనసు కుదుటపడుతుంది.’ ప్రేమతోనే చెబుతాడు. విన్నవాడికి మాత్రం ‘నాకు ఆ పాటి బలం కూడా లేదన్నమాట’ అని ఇంకో బరువు పడుతుంది. థెరపీలో సలహాలు తక్కువ, పని ఎక్కువ. వారానికోసారి, ముప్పావు గంట నుంచి గంట, ఒక పద్ధతి ప్రకారం సాగుతుంది. మధ్యలో హోమ్‌వర్క్ ఉంటుంది.

నాకు బాగా నచ్చే పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్, అంటే పనుల ద్వారా మనసును లేపడం. డిప్రెషన్‌లో మనిషి మెల్లగా అన్నీ మానేస్తాడు. వాకింగ్ మానేస్తాడు, ఫోన్ ఎత్తడు, గడ్డం గీసుకోడు. మానేసిన కొద్దీ మనసుకి హాయినిచ్చేవి తగ్గిపోతాయి, ఇంకా కుంగుతాడు. ‘మూడ్ వచ్చాక చేస్తాను’ అని కూర్చుంటే ఆ మూడ్ రాదు. అందుకే ముందు పని.

మొదటి వారం ఒక కాగితం ఇస్తారు. ఉదయం నుంచి రాత్రి దాకా గంట గంటకీ ఏం చేశారో, అప్పుడు మనసు పదికి ఎంత ఉందో రాయాలి. రిటైరైన ఒకాయన కాగితం ఇలా ఉండొచ్చు: 7 గంటలు, మంచం మీదే, 2. 9 గంటలు, టీవీ, 2. 11 గంటలు, మనవరాలికి లెక్కలు చెప్పాను, 5. 3 గంటలు, పడుకున్నాను, 1. ఆయన నోటితో ‘రోజంతా ఒకేలా ఉంది’ అంటాడు. కాగితం మాత్రం 11 గంటల దగ్గర వేరేలా చెబుతోంది. తర్వాతి వారానికి ప్లాన్ అక్కడినుంచే మొదలవుతుంది. రోజూ లెక్కలు, మధ్యాహ్నం పడుకునే వేళలో పదిహేను నిమిషాలు ఆరుబయట. అంతే. యోగా క్లాస్, జిమ్ లాంటివి మొదటి వారమే పెట్టరు, ఎందుకంటే చేయలేకపోతే ఇంకో ఓటమి.

రెండోది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఆరన్ బెక్ 1960ల్లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలోంచి పెరిగింది. స్నేహితుడు ఫోన్ ఎత్తలేదు. వెంటనే ‘నేనంటే విసుగొచ్చింది’ అనిపించింది. ఆ ఆలోచనకి రుజువులేంటి, వ్యతిరేకంగా ఏమున్నాయి, వేరే కారణాలేం ఉండొచ్చు అని కాగితం మీద పెట్టి చూస్తారు. పాజిటివ్‌గా ఆలోచించమని ఎవరూ అనరు, సరిగ్గా ఆలోచించమంటారు. మూడోది ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ థెరపీ), బంధాల మీద పనిచేసేది. ఆప్తులు పోవడం, అత్తింటి గొడవలు, పురుడు, వలస లాంటి మలుపుల్లో మొదలైన డిప్రెషన్‌కి బాగా సరిపోతుంది.

మా ఊళ్లో సైకాలజిస్టే లేడు. ఇవన్నీ సిటీవాళ్లకేగా?

ఈ ప్రశ్నకి అన్నిటికంటే మంచి జవాబు గోవా నుంచి వచ్చింది. మానసిక వైద్య పరిశోధకుడు విక్రమ్ పటేల్, మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంగత్ సంస్థ కలిసి అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో ప్రయోగం చేశారు. అందరిదీ తీవ్రతలో మధ్యస్థం దాటిన డిప్రెషనే. థెరపీ చేసింది సైకాలజిస్టులు కాదు, మానసిక వైద్యంలో ముందు శిక్షణ లేని స్థానికులు. వాళ్లకి నేర్పి, పక్కన ఉండి సరిదిద్దారు. పద్ధతి పైన చెప్పిన బిహేవియరల్ యాక్టివేషనే, ఆరు నుంచి ఎనిమిది సెషన్లు. కావాలంటే ఇంటికే వచ్చేవారు. మూడు నెలలకి థెరపీ తీసుకున్నవాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం. పీహెచ్‌సీలో, సామాన్య జనంలో, తక్కువ ఖర్చుతో వచ్చిన ఫలితం ఇది. ఒక్క ఎంఆర్‌ఐ యంత్రం ఖరీదుతో ఇలాంటివాళ్లు ఎంతమందికి శిక్షణ ఇవ్వొచ్చో ప్రభుత్వాలు లెక్క వేసుకోవాలి.

పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో అతిఫ్ రహ్మాన్ బృందం గ్రామ ఆరోగ్య కార్యకర్తలతో బాలింతలకి, గర్భిణులకి ఇలాగే చేయించింది. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకి డిప్రెషన్ మిగిలినవాళ్లు 23 శాతం, మామూలు సందర్శనలే అందిన గుంపులో 53 శాతం. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో కూడా స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిచింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపేవాళ్లు.

ఎన్ని సెషన్లకి తేడా కనిపిస్తుంది?

సీబీటీ అయితే మామూలుగా పన్నెండు నుంచి ఇరవై. నాలుగైదు వారాలకి నిద్రలోనో, పనుల్లోనో కాస్తయినా కదలిక రావాలి. రాకపోతే థెరపిస్టుతో ఆ మాటే అనండి. మొహమాటంతో ‘పర్లేదండీ, బాగానే ఉంది’ అనడం మనకి అలవాటు, థెరపీ గదిలో అది పనికిరాదు.

ఆపేశాక మళ్లీ వస్తుందా?

రావొచ్చు. అయితే ఇక్కడ థెరపీకి ఒక మొగ్గు ఉంది. పైన చెప్పిన పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ రోగుల్లో కోలుకున్నవాళ్లని ఇంకో ఏడాది గమనించారు. థెరపీ ముగించినవాళ్లలో 31 శాతం మందికి తిరగబెట్టింది. మందు ఆపేసినవాళ్లలో 76 శాతం మందికి. మందు కొనసాగించినవాళ్లలో 47 శాతం మందికి. నేర్చుకున్న పద్ధతి మనిషితోనే ఉండిపోతుందని పరిశోధకుల వివరణ.

ఇప్పుడు మందు వాడుతున్నాను. ఆపేసి థెరపీకి వెళ్లొచ్చా?

మందు వాడుతూనే థెరపీకి వెళ్లండి. సొంతంగా ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, తలలో కరెంట్ కొట్టినట్టనిపించడం, చిరాకు వస్తాయి. వాటినే ‘జబ్బు మళ్లీ వచ్చింది’ అనుకుంటారు. మానాలంటే డాక్టర్‌తో మాట్లాడి వారాలు, నెలల పాటు తగ్గించుకుంటూ రావాలి. టల్సా ప్రయోగంలో ఎవరూ మందులు వాడలేదన్నది పరిశోధన కోసం పెట్టుకున్న నియమం, మనకు సలహా కాదు. ఒకప్పుడు అతిగా హుషారు, నిద్ర లేకుండా రోజులు, విచ్చలవిడి ఖర్చు ఉండి ఉంటే అది బైపోలార్ (కుంగుబాటు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. అప్పుడు మందు లేకుండా నెట్టుకురావడం ఇంకా కష్టం.

థెరపీకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు కదా?

ఉంటాయి. పాత గాయాలు కదిలితే కొన్ని రోజులు ఎక్కువ ఏడుపు వస్తుంది, ఇంట్లో గొడవలు పెరగొచ్చు. కొద్దిమందికి మొత్తంగా పరిస్థితి దిగజారుతుంది. థెరపిస్టు మీద పూర్తిగా ఆధారపడిపోవడం ఇంకో సమస్య.

మంచి థెరపిస్టుని ఎలా గుర్తుపట్టాలి?

క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడం తప్పు కాదు. కౌన్సెలర్, లైఫ్ కోచ్, మైండ్ హీలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఏ పద్ధతి వాడతారో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ‘మూడు సెషన్లలో గ్యారంటీ’ అన్నా, ‘ముందు మందులన్నీ పారేయండి’ అన్నా అక్కడినుంచి వచ్చేయండి. ఖర్చు భరించలేకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ పేరు చెబితే ఇప్పటికీ జోకులేసేవాళ్లున్నారు. వాళ్ల జోకులకి భయపడి మీ వైద్యం ఆపుకోకండి.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. నలుగురికీ తెలిసిపోతుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. మీకో ఇంకొకరికో ప్రాణహాని ఉందనిపించినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మొదటి సెషన్‌లోనే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి థెరపిస్టుకి మా గొడవలు అర్థం కావడం లేదు.

చాలామంది తెలుగు విద్యార్థులు, కోడళ్లు ఇదే అంటారు. ‘అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు’ అన్న మాటలో ఎంత టెన్షన్ ఉందో విడమరిచి చెప్పాలంటేనే సెషన్ అయిపోతుంది. అక్కడ లైసెన్సులు రాష్ట్రాల వారీగా ఉంటాయి కాబట్టి, మీ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న దక్షిణాసియా థెరపిస్టుల కోసం వెతకండి. అత్యవసరమైతే అక్కడి ఆత్మహత్య నివారణ నంబర్ 988కి చేయండి.

ఇంట్లో వాళ్లం మేమేం చేయాలి?

‘లే, స్నానం చెయ్, నలుగురిలోకి వెళ్లు’ అని వరసగా చెప్పకండి. ‘పాల ప్యాకెట్‌కి వెళ్తున్నా, చివరిదాకా రారాదూ’ అంటే వచ్చే అవకాశం ఎక్కువ. రాకపోతే రేపు మళ్లీ అడగండి. చావు ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడగడానికి జంకొద్దు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. వ్యవసాయం ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి, తాళం వేసే చోట పెట్టండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

వాడుతున్న మందులన్నిటి స్ట్రిప్పులు, బీపీ, షుగర్ మాత్రలతో సహా. థైరాయిడ్ రిపోర్టు ఉంటే అది. ఎప్పటినుంచి బాగాలేదో, అప్పుడు ఇంట్లో ఏం జరిగిందో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు, ఎందుకంటే అక్కడ కూర్చున్నాక సగం గుర్తురావు. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఇలాంటిది ఉండేదా అని కూడా అడుగుతారు, అమ్మనో పిన్నినో ముందే అడిగి తెలుసుకుని వెళ్లండి.